తెలుగు రాతకు తగిన యాప్

నిత్యజీవితంలో ఏదో ఒక పనిని సులభతరం చేయడానికి చేతిఫోనులో అమర్చుకొనే చిన్న సాఫ్ట్‌వేరే యాప్. ఖర్చులు రాసుకోవడానికి ఒకటి, పాఠాల నోట్సు దాచుకోవడానికి ఒకటి, నిఘంటువు చూడటానికి మరొకటి - ఇలా యాప్‌లు కోకొల్లలు. వాటిలో అధికభాగం ఉచితంగా లభించడం వల్ల ఎంపిక విషయంలో మనం తగినంత శ్రద్ధ వహించం. సంతలో కుండ కొనేవారు సైతం వేలితో తట్టి చూసి గాని కొనరు. యాప్‌ను మాత్రం దానికి ఎన్ని నక్షత్రాలున్నాయో చూసి దించుకొంటాం. ఆ నక్షత్రాలు ఇతరులు తమ అవసరాలను బట్టి ఇచ్చినవి. మన పనికి అది తగునో తగదో మన పనితోనే పరీక్షించాలి. విద్యార్థులు ప్రతిదినం ఉపయోగించే తెలుగు కీబోర్డును ఉదాహరణగా గ్రహించి ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

కంప్యూటరులో తెలుగు రాయడం ఒకప్పుడు ఇంత సులభం కాదు. డి.టి.పి. కేంద్రాలలో వాడిన పాత ఫాంట్లు అక్షరాలకు వేటికవే సొంత సంకేతాలను కల్పించుకొన్నాయి. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటరులో వ్యాసాన్ని తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు లభించింది. తెలుగు లిపికి అందులో కేటాయించినవి 128 స్థానాలు. ప్రతి వర్ణానికి, ప్రతి గుణింతపు గుర్తుకు ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఏర్పడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు అందుబాటులోకి రావడం, పాత సంకేతాల రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను నాగార్జున వెన్న రూపొందించడం, 2006లో వీవెన్ ‘లేఖిని’ని అందించడం ఈ క్రమంలో పేర్కొనదగినవి. పోతన, పెద్దన, తిమ్మన, ధూర్జటి ఇప్పుడు ఫాంట్ల పేర్లు కూడా అయ్యారు. వారి కావ్యాలను చదివించడానికి తరగతిలో మేము పడే శ్రమను ఆ ఫాంట్లైనా కొంత తగ్గిస్తాయేమో చూడాలి.

రాసే పద్ధతులు ప్రధానంగా రెండు. భారత ప్రభుత్వం ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉంటాయి. తెలుగులో నేర్చినవారికి హిందీలోను ‘క’ మీట అక్కడే దొరుకుతుంది. మొదట్లో కొంత కష్టమనిపించినా చేయి తిరిగితే వేగం వస్తుంది. రెండవది, ఉచ్చారణను ఆంగ్లాక్షరాలలో కొట్టగా తెలుగుగా మార్చే పద్ధతి. లేఖిని ఈ కోవకు చెందినది. ఇందులో చిన్న ‘ఎన్’ కొడితే ‘న’, పెద్ద ‘ఎన్’ కొడితే ‘ణ’ వస్తాయి. ఇటీవలి ఫోన్ కీబోర్డులు ఈ భేదాన్ని కూడా అడగక, మనం రాయదలచిన పదాన్ని ఊహించి చూపుతాయి. ఇది సౌకర్యమే. అయితే ఊహను నమ్మి ‘కల’ను ‘కళ’గా పంపేవారి సంఖ్య తక్కువేమీ కాదు.

పరీక్షకు తేలికైన మాటలు పనికిరావు. ఋణం, జ్ఞానం, స్వాతంత్ర్యం రాసి చూడాలి. ప్రాచీన పద్యాలు చదివేవారికి అరసున్న, శకటరేఫం తప్పనిసరి. మేడ్చల్ ప్రాంతంలోని జవహర్‌నగర్ నుండి వీధిదీపాల కోసం పురపాలక కార్యాలయానికి అర్జీ రాయబోయే విద్యార్థికి తన ఊరి పేరే మంచి పరీక్ష. చాలా కీబోర్డులు దానిని ‘జవహర్నగర్’ అని కలిపివేస్తాయి. ‘ర్’ పొల్లుగానే నిలవాలంటే దాని పక్కన కంటికి కనిపించని, వెడల్పు లేని ఒక విభజన గుర్తును చేర్చాలి. ఆ గుర్తుకు మీట ఉన్నదా, ఉంటే ఎక్కడున్నదో వెదకాలి. అదృశ్యమైనంత మాత్రాన అది అల్పమైనది కాదు. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అనే అక్షరంలో ఈ గుర్తు ఇమిడిన రూపం సందేశంగా రాగానే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

రాత ఎంత చక్కగా కుదిరినా మరొక విషయం మిగిలే ఉంటుంది. కీబోర్డు మన ప్రతి మాటనూ చూస్తుంది: స్నేహితునికి రాసిన రహస్యం, బ్యాంకు ఖాతా సంఖ్య, సంకేతపదం. అందుకే కొత్త కీబోర్డును చేర్చేటప్పుడు అది సంకేతపదాలతో సహా రాసినదంతా సేకరించగలదని ఆండ్రాయిడ్ ఫోను హెచ్చరిస్తుంది. ఆ వాక్యాన్ని చదవకుండానే ‘సరే’ నొక్కడం మనకు అలవాటు. అక్షరాలు రాయించే యాప్ పరిచయస్తుల జాబితాను, మనమున్న చోటును అడిగితే నిరాకరించాలి. నిరాకరించగానే పనిచేయడం మానితే దానిని తొలగించడమే మేలని నా అభిప్రాయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని బాలలుగానే పరిగణించి, వారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమని నిర్దేశించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఈ వయస్సువారే.

ఒకేసారి నాలుగు కీబోర్డులు దించుకొంటే దేని గుణమూ తెలియదు. ఒక్కొక్కదానిని వారం రోజులు వాడాలి. ఒక పూట ఇంటర్‌నెట్ ఆపి రాసి చూడాలి. నోట్సు దాచే యాప్ అయితే అందులోని రాతను బయటకు తీసి మరొక ఫోనులో తెరవాలి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు, కాగితాలను చిత్రాలుగా దాచుకోవడానికి అనేకులు వాడిన క్యామ్‌స్కానర్ కూడా వాటిలో ఉన్నది. అప్పటికే తమ పత్రాల ప్రతులను వేరుగా భద్రపరచుకొన్నవారికి యాప్‌ను మార్చుకోవడం ఒక పూట పని మాత్రమే అయింది.