ఆకుపచ్చ లేజరు: వెలుగు వేరు, కొలత వేరు

ప్రయోగశాలలు కొత్త పరికరాలు తెచ్చుకుని పక్కన పెట్టేసిన శక్తిమంతమైన ఆకుపచ్చ లేజర్లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో దొరుకుతుండటంతో, అమెరికాలోనూ ఐరోపాలోనూ భౌతికశాస్త్రం మీద మక్కువ ఉన్న ఔత్సాహికులు కొందరు వాటిని ఇంట్లోనే బిగించి నడుపుతున్నారు. ఇలాంటి యంత్రాన్ని వెలిగించడం కంటే, దాని నుంచి ఎంత కాంతి, ఏయే తరంగదైర్ఘ్యాల్లో వస్తోందో నిర్ధారించుకోవడమే కష్టం. అసలు విద్య అంతా అక్కడే ఉంది. ఎందుకంటే ఈ విషయంలో కంటి సాక్ష్యం చెల్లదు. మనిషి కన్ను పగటి వెలుతురులో 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అన్నిటికంటే చురుగ్గా స్పందిస్తుంది. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. ఆకుపచ్చ లేజరు కాంతి 532 నానోమీటర్ల వద్ద, అంటే ఆ శిఖరానికి చాలా చేరువలో ఉండటం వల్ల, అంతే సామర్థ్యమున్న 650 నానోమీటర్ల ఎర్ర లేజరు కంటే సుమారు ఎనిమిది రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అదే యంత్రం నుంచి వెలువడే పరారుణ కాంతి ఎంత ఉన్నా కంటికి ఆనదు.

ఆ పరారుణ కాంతి ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే లేజరు లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఈ తరహా లేజరులో ఆకుపచ్చ కాంతి నేరుగా పుట్టదు. మొదట ఒక సెమీకండక్టర్ డయోడు విద్యుత్తును 808 నానోమీటర్ల పరారుణ కాంతిగా మారుస్తుంది. నియోడిమియం అనే మూలకాన్ని కొద్దిగా కలిపి పెంచిన యాగ్ లేదా వెనడేట్ స్ఫటికం ఆ కాంతిని పీల్చుకుని 1064 నానోమీటర్ల మరో పరారుణ కాంతిని ఇస్తుంది. రెండు అద్దాల నడుమ అటూ ఇటూ పరావర్తనం చెందుతూ బలపడిన ఆ కాంతి కేటీపీ లేదా ఎల్‌బీఓ అనే మరో స్ఫటికం గుండా వెళ్లినప్పుడు, రెండు ఫోటాన్లు కలిసి రెట్టింపు పౌనఃపున్యం గల ఒకే ఫోటానుగా మారతాయి. పౌనఃపున్యం రెట్టింపైతే తరంగదైర్ఘ్యం సగమవుతుంది కనుక 1064 కాస్తా 532 అవుతుంది, చీకటి నుంచి పచ్చదనం పుడుతుంది. మార్పిడి స్వల్పంగా ఉన్నంతవరకు, స్ఫటికంలోకి వెళ్లే పరారుణ కాంతి రెట్టింపైతే ఆకుపచ్చ కాంతి నాలుగు రెట్లవుతుంది.

పౌనఃపున్యాన్ని ఇలా రెట్టింపు చేయవచ్చని 1961లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం చూపింది. థియోడర్ మైమన్ 1960లో తొలి లేజరును వెలిగించి అప్పటికి ఏడాదే అయింది. వారు రూబీ లేజరు ఎర్రకాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపి, ఫోటో ప్లేటు మీద అతి చిన్న చుక్కగా నమోదైన అతినీలలోహిత కాంతిని నిదర్శనంగా ప్రచురణకు పంపితే, దానిని మరకగా భావించి పత్రిక వారు అచ్చులో తుడిచేశారని భౌతికశాస్త్రవేత్తలు నేటికీ చెప్పుకుంటారు. అప్పుడు కంటికి కనిపించీ కనిపించనంత అల్పంగా జరిగిన ఆ మార్పిడి, నేడు పుస్తకమంత పెట్టెలో పలు వాట్ల ఆకుపచ్చ కాంతిని ఇచ్చే స్థాయికి చేరింది. అంతకు ముందు ప్రయోగశాలల్లో అంత కాంతి కావాలంటే కిలోవాట్ల విద్యుత్తు, చల్లబరచడానికి నీటి గొట్టాలు అవసరమైన ఆర్గాన్ లేజర్లే దిక్కు.

లేజరును బిగించడంలో శ్రమంతా ఉష్ణోగ్రత చుట్టూనే తిరుగుతుంది. డయోడు ఒక డిగ్రీ వేడెక్కితే దాని తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటర్లు పెరుగుతుంది. నియోడిమియం స్ఫటికమేమో 808 నానోమీటర్ల చుట్టూ ఉన్న ఇరుకైన పట్టీలోనే కాంతిని బాగా పీల్చుకుంటుంది. కనుక డయోడు కింద పెల్టియర్ పలకను, అంటే విద్యుత్తుతో ఒకవైపు చల్లబడి మరొకవైపు వేడెక్కే పలకను అమర్చి, ఆ వేడిని లాగేయడానికి పెద్ద లోహపు దిమ్మెను, ఫ్యానును జతచేయాలి. ఎల్‌బీఓ స్ఫటికాన్ని అనేక యంత్రాల్లో 150 డిగ్రీల సెల్సియస్‌కు చేరువలో చిన్న కొలిమిలో ఉంచుతారు. అది వేర్వేరు దిశల్లో వేర్వేరుగా వ్యాకోచిస్తుంది కాబట్టి తొందరపడి వేడిచేసినా, చల్లార్చినా పగులుతుంది. అన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ ఆకుపచ్చ కాంతి విపరీతంగా ఎగసిపడుతుంటుందని, అద్దాల మధ్య ఒకేసారి ఊగే వేర్వేరు పౌనఃపున్యాలు స్ఫటికంలో ఒకదానితో ఒకటి ముడిపడటమే అందుకు కారణమని 1986లో టి. బేర్ వివరించాడు, ఆ రంగంలో దానికి ‘గ్రీన్ ప్రాబ్లమ్’ అనే పేరే స్థిరపడింది.

ఇక కొలత. లేజరు సామర్థ్యాన్ని, అంటే సెకనుకు వెలువడే శక్తిని, రెండు రకాల సాధనాలతో కొలుస్తారు. ఫోటోడయోడు మీటరు వేగంగా, సున్నితంగా పనిచేస్తుంది కానీ ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కో విధంగా స్పందిస్తుంది, ఎక్కువ కాంతి పడితే సంతృప్తమై తప్పు చెబుతుంది. వాట్ల స్థాయికి తగినది థర్మోపైల్ మీటరు: నల్లపూత పూసిన లోహపు బిళ్ల కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి అంచులవైపు ప్రవహిస్తున్నప్పుడు మధ్యకూ అంచుకూ ఏర్పడే ఉష్ణోగ్రతా భేదం స్వల్ప వోల్టేజీగా మారుతుంది, ఆ వోల్టేజీని మీటరు వాట్లలో చూపుతుంది. ఈ సాధనం ఓపిక అడుగుతుంది. అరచేయి దగ్గర పెడితే చాలు, ఒంటి వేడికే అంకె కదులుతుంది. ఫ్యాను గాలి తగిలినా కదులుతుంది. అందుకే కాంతిని అడ్డగించి ముందు సున్నాను సరిచేసుకుని, కిరణాన్ని బిళ్ల నడిమధ్య పడనిచ్చి, అంకె నిలకడగా నిలిచేవరకు కొన్ని సెకన్లు ఆగి, లేజరు పూర్తిగా వేడెక్కేదాకా మళ్లీ మళ్లీ నమోదు చేసుకోవాలి. సన్నని కిరణం పూతను కాల్చేయకుండా, బిళ్ల తట్టుకోగల హద్దును ముందే చూసుకోవాలి.

థర్మోపైల్‌కు రంగుల భేదం దాదాపు పట్టదు. అదే దాని బలం, అదే దాని చిక్కు. మీటరు రెండు వాట్లు చూపినంత మాత్రాన అదంతా ఆకుపచ్చ కాంతి కానక్కరలేదు, మార్పిడి చెందని 808, 1064 నానోమీటర్ల కాంతి కూడా అందులో కలిసి ఉండవచ్చు. పరారుణాన్ని ఆపి ఆకుపచ్చను మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిచి, ఫిల్టరు ఆకుపచ్చలో మింగేసే భాగాన్ని లెక్కగట్టినప్పుడే నిజం బయటపడుతుంది. ఈ చిక్కు ఊహాజనితం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2010లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 10 మిల్లీవాట్లని రాసి ఉన్న చవక ఆకుపచ్చ లేజరు పాయింటరు ఒకటి మసక పచ్చకాంతితో పాటు దాదాపు 20 మిల్లీవాట్ల కనిపించని పరారుణ కాంతిని వెదజల్లింది. పరారుణ ఫిల్టరు లేకపోవడమే అందుకు కారణం. అదే సంస్థ 2013లో 122 పాయింటర్లను పరీక్షిస్తే ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు.

ఈ కాంతి కంటికి చేసే హాని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కంటి కటకం కిరణాన్ని రెటీనా మీద అతి చిన్న బిందువుగా కేంద్రీకరించడం వల్ల అక్కడ కాంతి తీవ్రత సుమారు లక్ష రెట్లవుతుంది. ఒక మిల్లీవాటు లోపు కనిపించే కాంతి అయితే పావు సెకనులో రెప్పపాటు కాపాడుతుంది. అర వాటు దాటి, నాలుగో తరగతిగా వర్గీకరించే లేజరు విషయంలో రెప్ప వాలేలోపే నష్టం జరిగిపోతుంది, గోడ మీద చెదిరిన వెలుగు కూడా ప్రమాదకరం కావచ్చు. పరారుణ కాంతి కనిపించదు కనుక రెప్ప అసలు వాలదు. రెటీనాకు నొప్పి తెలియదు కనుక గాయం వెంటనే బయటపడదు. మధుమేహం వల్ల దెబ్బతిన్న రెటీనాకు కంటి వైద్యులు ఇదే 532 నానోమీటర్ల కాంతితో చికిత్స చేస్తారు. ఆ చికిత్స పనిచేసేదే కణజాలాన్ని కొలిచిన మేరకు కాల్చడం ద్వారా.

రక్షణ కళ్లద్దాల మీద ఆప్టికల్ డెన్సిటీ అనే అంకె ఉంటుంది. అది 4 అయితే పదివేలవ వంతు కాంతినే లోపలికి వదులుతాయి, అంటే రెండు వాట్ల కిరణం 0.2 మిల్లీవాట్లకు తగ్గుతుంది. అయితే ఆ అంకె ఏ తరంగదైర్ఘ్యానికి వర్తిస్తుందో కూడా అద్దాల మీదే రాసి ఉండాలి, 532కు పనికొచ్చే నారింజ అద్దాలు 808ని, 1064ను యథేచ్ఛగా వదిలేయవచ్చు. మూడు తరంగదైర్ఘ్యాలకూ రక్షణనిచ్చే కళ్లద్దాలు, క్రమాంకనం చేసిన థర్మోపైల్ మీటరు, కిరణాన్ని ఆపేందుకు కాలని అడ్డు, లోపలి నుంచి గడియ వేసుకోగల గది: ఇవి సమకూరాకే లేజరును కొనాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు, ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి సమకూర్చుకోలేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.