ఫొటో: ఇంటర్నెట్

నాలుగు గట్టి వానలు పడితే చాలు, భైరవకోన పేరు మళ్లీ జనం నోళ్లలో నానుతుంది. వెలిగండ్లకు దగ్గర్లోనే, చంద్రశేఖరపురం మండలం కొత్తపల్లి దాపున కొండను తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు, వాటి పక్కనే దూకే నీళ్లు. అలాంటప్పుడు ఒక ఫొటో ఎవరి ఫేస్‌బుక్ పేజీలోనో మొదట కనబడుతుంది. మర్నాటికి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ఆ తర్వాత యూట్యూబ్ వీడియోకు ముఖచిత్రమవుతుంది. కార్తీక మాసం వచ్చేసరికి యాత్రల బస్సుకు కట్టిన ఫ్లెక్సీ మీదికి ఎక్కేస్తుంది. కింద ఏమైనా రాసుంటే, అది "ఫొటో: ఇంటర్నెట్" అనో "గూగుల్ సౌజన్యంతో" అనో ఉంటుంది. గూగుల్ కెమెరా పట్టుకుని కొత్తపల్లికి ఎప్పుడొచ్చిందని అడిగేవాళ్లుండరు.

చట్టం మాత్రం అడుగుతుంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దానికి కర్త. తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సున్నాలో 'సి' అక్షరం గుర్తు అక్కర్లేదు. లక్ష రూపాయల కెమెరాతో తీసినా, పగిలిన అద్దం ఫోనుతో తీసినా ఒకటే. గుహల్లోని శిల్పాలు వందల ఏళ్లనాటివి, వాటి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. వాటిని ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు, కానీ ఒకరు తీసిన ఫొటో ఆ ఒకరిదే. ఊరి సెంటర్లో నిలబెట్టిన కొత్త విగ్రహానికి శిల్పి హక్కు ఉన్నా, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి చట్టమే వీలిచ్చింది.

పెళ్లి ఫొటోల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే పెళ్లికూతురి ఫొటోను స్టూడియో తన బోర్డు మీద పెద్దది చేసి పెట్టాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారానికి వాడాలన్నా డబ్బిచ్చినవారిని అడగాలి. చాలా స్టూడియోలు అడగవు, చాలా కుటుంబాలు పట్టించుకోవు. బోర్డు మీద తమ అమ్మాయిని చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువ.

పత్రికలో జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫర్ తీస్తే, పత్రికలో వేసుకునే హక్కు యాజమాన్యానిది. మండలాల్లో పనిచేసే విలేకరులు చాలామంది జీతం మీద ఉండరు. వాళ్ల ఫొటో ఎవరిదన్నది కాగితం మీద ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ కాగితం ఉంటే కదా! ప్రభుత్వ శాఖ తీయించిన ఫొటో ప్రజలందరిదీ అనుకోవడం మరో పొరపాటు. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు పనిలో భాగంగా తీసిన ఫొటోలకు అక్కడ కాపీరైట్ ఉండదు. నాసా చంద్రుడి బొమ్మలు అంత ధారాళంగా దొరికేది అందుకే. మన దగ్గర ప్రభుత్వానికీ కాపీరైట్ ఉంది, అదీ ప్రచురించాక 60 ఏళ్ల పాటు.

పాత ఫొటోలకు గడువు తీరుతుంది. ఒకప్పుడు మన చట్టంలో ఫొటోకు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లే రక్షణ. 2012 సవరణతో అది తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు అయింది. అప్పటికే గడువు ముగిసినవాటికి మళ్లీ ప్రాణం రాదు. తన పేరిట జిల్లా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు ఫొటో 1951 ముగిసేలోపు మన దేశంలో అచ్చయి ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ తర్వాతి వాటి సంగతి ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిందే.

అడక్కుండా వాడుకునే సందర్భాలు లేకపోలేదు. సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. తరగతిలో పాఠం చెబుతూ చూపించవచ్చు. కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆ వార్తతో పాటు ఒక ఫొటో వాడినవారు ఈ మినహాయింపు కింద వాదించుకోవచ్చు. అదే ఫొటోను కిరాణా కొట్టు క్యాలెండర్ మీద వేస్తే ఆ వాదన నిలవదు.

బడి గోడ దాటితే ఏమవుతుందో జర్మనీలో తేలింది. ఒక విద్యార్థిని స్పానిష్ పాఠం కోసం కార్డోబా నగరం ఫొటోను ఒక పర్యాటక వెబ్‌సైట్ నుంచి దించుకుని, ఎక్కడిదో కూడా రాసి, ప్రాజెక్టులో పెట్టింది. బడి దాన్ని తన వెబ్‌సైట్‌లో ఉంచింది. ఫొటో తీసిన డిర్క్ రెంక్‌హాఫ్ కోర్టుకెక్కాడు. తన అనుమతి ఆ పర్యాటక సైటుకు మాత్రమేనన్నాడు, నష్టపరిహారంగా 400 యూరోలు అడిగాడు. ఐరోపా న్యాయస్థానం 2018 ఆగస్టు 7న అతని వైపే మాట్లాడింది: నెట్‌లో అందరికీ కనబడుతున్న ఫొటో అయినా, దించుకుని మరోచోట కొత్తగా పెట్టడానికి మళ్లీ అనుమతి కావాలి. లింకు ఇవ్వడం వేరు, నకలు తీసి పెట్టడం వేరు.

ట్విటర్‌లో పెట్టాక అందరి సొత్తే కదా అన్న వాదన అంతకంటే ఖరీదైంది. 2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసినప్పుడు డానియెల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ తన చిత్రాలను ట్విటర్ ద్వారా లోకానికి చూపాడు. వేరొకడు వాటిని తనవిగా పెట్టుకున్నాడు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ ఆ దొంగ పేరుతోనే తీసుకుని, గెట్టీ అనే ఫొటోల సంస్థ ద్వారా పంచింది. 2013లో న్యూయార్క్ జ్యూరీ ఆ రెండు సంస్థలూ మోరెల్‌కు 12 లక్షల డాలర్లు ఇవ్వాలంది.

మన దగ్గర శిక్షలూ చిన్నవి కావు. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఫొటో మూలన ఉన్న పేరును చెరిపేయడం కూడా నేరమే, రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. మార్కాపురం పలక మీద రాతను ఉమ్మి తడిచేసి తుడిచినట్టు ఫోన్‌లో పేరు తుడిచేసే యాప్‌లు వచ్చాయి కానీ, చట్టం మారలేదు.

మరి ఫ్లెక్సీ షాపువాడు బొమ్మ ఎక్కడ తెచ్చుకోవాలి? వికీమీడియా కామన్స్ ఒక దారి. తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీల మీద కనిపించే ఫొటోల్లో చాలావరకు అక్కడివే. తీసినవారు ముందే అనుమతి రాసిచ్చారు కాబట్టి వ్యాపారానికీ వాడుకోవచ్చు. సాధారణంగా షరతులు రెండు మూడే: తీసినవారి పేరు, లైసెన్సు పేరు వేయాలి, కొన్నిటికైతే మార్చి వాడినా అదే లైసెన్సుతో పంచాలి. అయితే అదే వికీపీడియాలోని సినిమా పోస్టరు ఈ కోవలోకి రాదు. ఆ వ్యాసం కోసమే, పరిమితంగా పెట్టుకున్నది అది.

తాను తీసిన ఫొటో ఎవరి పేజీలోనో కనబడితే వెంటనే లాయరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. అసలు ఫైలు, తీసిన తేదీ, దొంగిలించిన పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని, పేజీ నడిపేవాళ్లకు ముందు మెసేజ్ పెడితే చాలాసార్లు దిగొస్తారు. లేదంటే ఆ పేజీ ఉన్న ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఫిర్యాదు సరైనదనిపిస్తే 36 గంటల్లో ఫొటో జనానికి కనబడకుండా ఆపాలని 2013 కాపీరైట్ నిబంధనలు చెబుతున్నాయి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే మాత్రం వేదిక దాన్ని మళ్లీ పెట్టేయవచ్చు. బస్సు మీద కట్టిన ఫ్లెక్సీకి ఈ 36 గంటల ఏర్పాటు లేదు. దానికి ట్రావెల్స్ యజమానినే పట్టుకోవాలి, కార్తీకం వెళ్లేలోపు.