మొబైల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు రిజెక్ట్ అవుతుంది? అవ్వకుండా ఏం చేయాలి?

కొత్త ఫోన్‌కి బిల్లు కట్టేటప్పుడు కౌంటర్‌లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: "సార్, ఇంకొంచెం వేస్తే ఫుల్ ప్రొటెక్షన్ వస్తుంది, పగిలినా పోయినా టెన్షన్ ఉండదు." ఆన్‌లైన్‌లో కొంటే అదే మాట చిన్న టిక్ బాక్స్‌గా కనిపిస్తుంది. ఈఎంఐలో ఫోన్ కొనేవాళ్ళు ఎందుకైనా మంచిదని టిక్ పెట్టేస్తారు. తీరా క్లెయిమ్ వేశాక "పాలసీ నిబంధనల ప్రకారం వర్తించదు" అని మెసేజ్ వస్తుంది. చేతిలో ఫోన్ ఉండదు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది.

కంపెనీలు అన్యాయంగా రిజెక్ట్ చేసే కేసులు కూడా ఉన్నాయి, వాటి గురించి చివర్లో చెప్తాను. ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. మనం ఫోన్‌కి ఇన్సూరెన్స్ తీసుకున్నాం అనుకుంటాం. పాలసీ మాత్రం ఫోన్‌కి జరిగే కొన్ని సంఘటనలకే ఉంటుంది. క్లెయిమ్ చెకింగ్ అంటే వరుసగా రాసిన ఇఫ్ కండిషన్లు అనుకోండి. ఒక్కటి ఫెయిల్ అయితే చాలు, మిగతావి చూడకుండానే రిజెక్ట్.

ముందు మీరు కొన్నది ఇన్సూరెన్సేనా?

షాపులో అన్నిటినీ "ఇన్సూరెన్స్" అనే అంటారు. కానీ అవి వేర్వేరు.

- వారంటీ: తయారీ లోపానికి మాత్రమే. కింద పడినా, తడిసినా వర్తించదు.
- ఎక్స్‌టెండెడ్ వారంటీ: అదే వారంటీకి ఇంకొంత కాలం. పగిలితే ఇది కూడా పనికిరాదు.
- స్క్రీన్ ప్రొటెక్షన్: డిస్‌ప్లే వరకే. వెనక గ్లాస్, కెమెరా గ్లాస్ సాధారణంగా ఇందులో రావు.
- డ్యామేజ్ ప్రొటెక్షన్: కింద పడటం, తడవడం. దొంగతనం ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

మీకు వచ్చిన పీడీఎఫ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్ లేదా సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ ఉంటే అది ఇన్సూరెన్స్. లేకపోతే అది సర్వీస్ ప్లాన్ అయి ఉండొచ్చు. రేపు గొడవ వస్తే ఎక్కడికి వెళ్ళాలనేది దీన్నిబట్టే ఉంటుంది.

"ఫోన్ పోయింది" అనే మాటతోనే సమస్య

తెలుగులో "ఫోన్ పోయింది" అంటే ఎన్ని అర్థాలో చూడండి. ఎక్కడో మర్చిపోయాం. బస్సులో ఎవరో జేబులోంచి కొట్టేశారు. బైక్ మీద వచ్చి లాక్కెళ్ళారు. నీళ్ళలో పడి డెడ్ అయింది. మనకి అన్నీ "పోయింది" కిందకే వస్తాయి. పాలసీలో మాత్రం ఇవి నాలుగు వేర్వేరు సంఘటనలు. మర్చిపోయిన ఫోన్‌కి చాలా ప్లాన్లు ఇవ్వవు. దొంగతనం కవర్ చేసే ప్లాన్లలో కూడా కొన్ని "బలప్రయోగంతో జరిగిన దొంగతనం" అని షరతు పెడతాయి. అలాంటప్పుడు తెలియకుండా జేబులోంచి పోయిన ఫోన్ లెక్కలోకి రాదు. కారు సీటు మీద, ఛార్జింగ్ పాయింట్ దగ్గర వదిలేసి వెళ్తే "గమనించకుండా వదిలేశారు" అనే క్లాజ్ ఇంకోటి.

ఇలాంటి షరతుని కోర్టు పట్టించుకోదులే అనుకోవద్దు. ఒక బర్గ్‌లరీ పాలసీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే విషయం తేల్చింది. పాలసీలో బలవంతంగా లోపలికి రావడం అనే షరతు ఉంటే, అది లేకుండా జరిగిన దొంగతనానికి ఇన్సూరెన్స్ రాదని చెప్పింది. అది గోడౌన్‌లాంటి చోట్లకి తీసుకునే పాలసీ. కానీ సూత్రం ఒకటే: పాలసీలో ఏ పదం ఉందో అదే లెక్క.

అందుకే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కంప్లైంట్ చాలా ముఖ్యం. "నా మొబైల్ పోయినది, వెతికి ఇప్పించగలరు" అని రాస్తే అది మిస్సింగ్ కింద నమోదైపోవచ్చు. మా ఆఫీస్ ఫ్రెండ్‌కి ఇదే జరిగింది. సిటీ బస్సులో బ్యాగ్ జిప్ తెరిచి ఫోన్ తీసేశారు. స్టేషన్‌లో వచ్చిన కాగితంలో "పోగొట్టుకున్నారు" అని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ ఒక్క పదాన్ని పట్టుకుని క్లెయిమ్ ఆపేశారు.

జరిగింది జరిగినట్టు, ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎలా తీశారో రాయండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303 కింద, స్నాచింగ్ సెక్షన్ 304 కింద వస్తాయి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. సంతకం పెట్టేముందు ఒకసారి పూర్తిగా చదవండి. అలాగని లేని బలప్రయోగాన్ని ఉన్నట్టు మాత్రం రాయొద్దు. అబద్ధం బయటపడితే క్లెయిమ్ పోవడమే కాదు, మీ మీదే కేసు అవుతుంది.

తరచుగా రిజెక్ట్ అయ్యే మిగతా కారణాలు

1. ఐఎంఈఐ మ్యాచ్ కాకపోవడం. *#06# డయల్ చేస్తే వచ్చే నంబర్, బిల్లులో నంబర్, పాలసీలో నంబర్ ఒకటే ఉండాలి. కొన్న వారంలో ఫోన్ రీప్లేస్ చేయించుకుంటే ఐఎంఈఐ మారుతుంది, ప్లాన్ మాత్రం పాత నంబర్ మీదే ఉండిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డ్ మార్చినా నంబర్ మారవచ్చు. జాబ్ షీట్ పెట్టి పాలసీలో అప్‌డేట్ చేయించుకోండి.

2. ముందే లోకల్ షాపులో ఓపెన్ చేయించడం. తొందరలో పక్క వీధి షాపులో ఇచ్చేస్తాం. అక్కడ సీల్ తీశాక డ్యామేజ్ ఎలా జరిగిందో చెప్పలేమని కంపెనీ అంటుంది. క్లెయిమ్ నంబర్ వచ్చి, ఎక్కడ ఇవ్వాలో వాళ్ళు చెప్పాకే ఫోన్ ఇవ్వండి.

3. వాటర్ రెసిస్టెంట్ కదా అనే ధీమా. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్ళలో 30 నిమిషాలు ల్యాబ్‌లో తట్టుకుందని అర్థం. వైజాగ్ బీచ్‌లో ఉప్పునీళ్ళకి, సబ్బు నీళ్ళకి ఆ టెస్ట్ వర్తించదు. ఐపీ68 ఉన్నా కూడా తడిసిన ఫోన్‌కి మామూలు వారంటీ రాదు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే దగ్గర చిన్న స్టిక్కర్ ఉంటుంది, నీళ్ళు తగిలితే ఎర్రగా మారుతుంది. "తడవలేదు" అని చెప్పి దొరికిపోవడం కంటే, లిక్విడ్ డ్యామేజ్ కవర్ ఉందో లేదో చూసి ఉన్నది చెప్పడం మేలు. తడిసిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, డ్యామేజ్ పెరిగితే అది మీ నిర్లక్ష్యం కింద వేస్తారు.

4. ఆలస్యం. కొన్ని ప్లాన్లు 24 గంటలు, కొన్ని 48 గంటలు గడువు పెడతాయి. మీ పీడీఎఫ్‌లో ఎంతుందో చూడండి. ఫోన్ ద్వారా చెప్పినా, వెంటనే ఈమెయిల్ కూడా పెట్టండి.

5. బిల్లు వేరే పేరు మీద ఉండటం. బావ క్రెడిట్ కార్డ్‌లో ఆఫర్ ఉందని ఆయన పేరు మీద కొంటే, పాలసీ కూడా ఆయన పేరు మీదే వస్తుంది. వాడేవాళ్ళు కుటుంబ సభ్యులైతే ఒప్పుకుంటారో లేదో కొనే ముందే చూసుకోవాలి.

అప్రూవ్ అయినా డబ్బు తక్కువ వస్తుంది

దీన్ని చాలామంది రిజెక్షన్ అనుకుంటారు. ఉదాహరణకి ఫోన్ 20,000 అనుకుందాం. పాలసీలో వాడకం తరుగుదల 30 శాతం అని ఉంటే విలువ 14,000కి వచ్చేస్తుంది. మీ వాటా 1,000 అని ఉంటే చేతికి 13,000. ఈ రెండు అంకెలు కొనే ముందే అడగండి. ప్రీమియం, తరుగుదల, మీ వాటా కలిపితే లాభం లేదనిపిస్తే ప్లాన్ వదిలేయడమే బెటర్.

ఫోన్ దొంగతనం జరిగితే ఈ వరుసలో చేయండి

సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంక్‌కి చెప్పి యూపీఐ ఆపించండి. పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి రిఫరెన్స్ నంబర్ తీసుకోండి. డూప్లికేట్ సిమ్ వచ్చాక సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయండి, కంప్లైంట్ కాపీ అక్కడా కావాలి. వచ్చిన రిక్వెస్ట్ ఐడీని క్లెయిమ్ కాగితాలతో జత చేయండి.

అన్నీ సరిగ్గా చేసినా రిజెక్ట్ చేస్తే?

ఏ క్లాజ్ కింద రిజెక్ట్ చేశారో రాతపూర్వకంగా అడగండి. కస్టమర్ కేర్ మాట చెల్లదు. కారణం ఆలస్యం ఒక్కటే అయితే, నిజమైన క్లెయిమ్‌ని కేవలం ఆలస్యం చూపించి తోసిపుచ్చకూడదని ఐఆర్‌డీఏ 2011 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్‌ని మెయిల్‌లో ప్రస్తావించండి.

ఇన్సూరెన్స్ అయితే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. తర్వాత బీమా భరోసా పోర్టల్ లేదా 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో ఆఫీస్ ఉంది, రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోనే ఉన్నాయి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి.

సర్వీస్ ప్లాన్ అయితే అంబుడ్స్‌మన్ చూడరు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌తో మొదలుపెట్టి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

ఇప్పటికే ప్లాన్ ఉన్నవాళ్ళు ఈరోజే ఒక పని చేయండి. బిల్లు, పాలసీ పీడీఎఫ్, ఐఎంఈఐ స్క్రీన్‌షాట్ మీ మెయిల్‌కి పంపుకోండి, ఇంట్లోవాళ్ళకి వాట్సాప్ కూడా చేయండి. అవి ఫోన్‌లోనే ఉంటే, ఫోన్‌తో పాటే పోతాయి.