యెరూషలేములో ఒక నీటి త్రోవ

కడప, కర్నూలు మండలములనుండి యెరూషలేము వెళ్ళు క్రైస్తవ యాత్రికులు ఒలీవల కొండ, గెత్సేమనే, పరిశుద్ధ సమాధి మందిరము చూచుటతోనే దినము గడచిపోవును. సిలోయము సొరంగమును గూడ చూడవలెనని మా మనవి.

ఆ ఊరికి వాన చలికాలముననే, వేసవి వట్టిది. పాత పట్టణమునకు ఎండని ఊట గిహోను ఒక్కటే, అదియు కొండ దిగువను. అష్షూరు సేనలకు వెరచి, సుమారు 2,700 ఏండ్ల క్రిందట, హిజ్కియా రాజు ఆ నీటిని పట్టణములోనికి మళ్ళించెనని బైబిలు చెప్పును. పనివారు రెండు కొనలనుండి 533 మీటర్ల రాతిని తొలిచి, ఒకరి కేక నొకరు విని నడుమ కలిసికొనిరి. 1880లో బయటపడిన శాసనము దీనికి సాక్షి. మొత్తము వాలు మూరెడైనను లేదు! కె.సి. కాలువకు నీరెన్నడు వదలుదురాయని చూచు మనవారికి ఈ నేర్పు ఇట్టే బోధపడును.

నేటికిని నీరు పారుచున్నది. దీపము పట్టి నడువవలెను. వృద్ధులకు ప్రక్కనే పొడిదారి కలదు.