ఒక గిన్నెడు పాటేజి

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాల ప్రసంగమున మేము ఒక పొరపాటు చేసితిమి. స్వల్పమైన సుఖమునకు ఆశపడి అమూల్యమైన హక్కును వదలుకొనువారిని గూర్చి ఇంగ్లీషువారు చెప్పుకొను జాతీయ మొకటి ప్రసంగమధ్యమున వచ్చినది. 'మెస్ ఆఫ్ పాటేజి కొరకు జన్మహక్కు నమ్ముకొనుట' అని దాని స్వరూపము. మేము దానిని 'కలగాపులగపు కూటికొరకు' అని తెనిగించి చదివితిమి. నాలుగు దినములకు, విశ్రాంత ఉపాధ్యాయులైన శ్రోత యొకరు కార్డు వ్రాసిరి. "అయ్యా, ఆ కూడు కలగాపులగమైనదని మీకెవరు చెప్పినారు?" అని అందులో ఒక్కటే ప్రశ్న. నిఘంటువు తెరచి చూడగా తప్పు మాదేయని తేలినది. ఆ తప్పు దిద్దుకొనుటకై చదివిన సంగతులనే నేడు మీ ముందుంచుచున్నాము.

'పాటేజి' యనునది చిక్కని పులుసునకు ఇంగ్లీషువారి పాత పేరు. ఇది ఫ్రెంచి నుండి వచ్చిన మాట. కుండ యని అర్థమిచ్చు పదము నుండి పుట్టినది గనుక, కుండలో పెట్టి ఉడికించినది పాటేజి యని దీని భావము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప చిరకాలము రాజసభలలో ఫ్రెంచి భాషయే చెలామణి యైనది. వంటయింటి మాటలు పెక్కులు ఆ దారినే ఇంగ్లీషులోనికి వచ్చినవి. పాటేజి యను మాటయు 13వ శతాబ్దము నాటికే ఆ భాషలో కనబడుచున్నది. ఆ కుండకు కావలసిన కూరగాయలు పండించు పెరటితోటను ఫ్రెంచివారు నేటికిని 'పొటజే' యనియే పిలుచుచున్నారు.

మధ్యయుగమున ఇంగ్లండు పల్లెలలో నిప్పుమీద ఎప్పుడును ఒక కుండ ఉడుకుచుండెడిది. బార్లీయో, ఓట్లో, బఠానీలో, చిక్కుడుగింజలో ఏవి యుండిన అవి అందులో పడెడివి. వానికి తోడు ఉల్లి, కేబేజి, పెరటిలోని ఆకుకూరలు. మాంసము దొరకిన దినమున ఒక ముక్క. రొట్టెయు, ఈ పులుసును కలిసి పేదవాని భోజనము. అట్లని ఇది పేదలకు మాత్రమే పరిమితమైన వంటకము కాదు. 1390 ప్రాంతమున రెండవ రిచర్డు రాజు వంటవారు కూర్చిన 'ఫార్మ్ ఆఫ్ క్యూరి' యను గ్రంథములో బాదంపాలు, కుంకుమపువ్వు, అల్లము, దాల్చినచెక్క మొదలగువానితో చేయు పాటేజి రకములు ఉన్నవి. 1542లో ఆండ్రూ బోర్డ్ అను వైద్యుడు, క్రైస్తవ దేశములలో మరెక్కడను పాటేజిని ఇంగ్లండులో వలె తినరని వ్రాసినాడు. మాంసము ఉడికిన నీటిలో తరిగిన ఆకులు, ఓట్లపిండి, ఉప్పు వేసి చేయుదురని ఆయన దాని పాకమును తెలిపినాడు.

చిక్కదనమును బట్టి మనకు గంజి, జావ, అంబలి, సంకటి యని వేరు వేరు పేర్లున్నవి గదా. 15వ శతాబ్దపు ఇంగ్లీషు వంటపుస్తకములు ఒక్క పేరునే ఉంచుకొని 'పారు పాటేజి', 'నిలుచు పాటేజి' యని విశేషణములు చేర్చినవి. గరిటెనుండి జారునది మొదటిది, ముద్దగా నిలుచునది రెండవది.

పాటేజి యను మాటయే నోళ్ళలో నలిగి 16వ శతాబ్దమున 'పారిడ్జి' యైనది. మొదట ఇదియు కూరలు వేసిన చిక్కని పులుసే. తరువాత ఓట్లతో కాచు జావకు మాత్రమే ఆ పేరు నిలిచినది. 17వ శతాబ్దమున ఫ్రెంచి నుండి 'సూపు' అను క్రొత్త మాట వచ్చి భోజనపు బల్లపై స్థానము సంపాదించినది. ఫ్రెంచిలో ఆ మాటకు మొదటి అర్థము, రసములో నానిన రొట్టెముక్క. ఈ విధముగా కొడుకు వంటి పారిడ్జియు, అతిథి వంటి సూపును ఇల్లంతయు ఆక్రమించుకొనగా, వృద్ధ పాటేజి జాతీయములలో తల దాచుకొనినది.

ఇక మేము తడబడిన 'మెస్' సంగతి. బల్లపై పెట్టినది, వడ్డించినది యని దాని పాత అర్థము. ఒక మెస్ అనగా ఒక వడ్డన, ఒక గిన్నెడు. తరువాత ఒకే వడ్డనను పంచుకొని తినువారి గుంపునకు ఆ పేరు వచ్చినది. సాధారణముగ వారు నలుగురు. సైనికులు కలిసి భుజించు చోటునకును అదే పేరు. మన విద్యార్థి వసతిగృహములలోని మెస్సు ఈ వంశములోనిదే. పలు పదార్థములు కలిసిన కూడు అను అర్థము మీదుగా, చిందరవందర యను భావము 19వ శతాబ్దమున గాని స్థిరపడలేదు. ఆ కడపటి అర్థమును తెచ్చి మేము పురాతన వాక్యమునకు అంటగట్టితిమి.

ఆ జాతీయము బైబిలులోని ఆదికాండము 25వ అధ్యాయమునకు సంబంధించినది. ఏశావు, యాకోబు కవలలు. ఏశావు పెద్దవాడు, వేటగాడు. ఒకనాడు అలసి సొలసి ఇల్లు చేరునప్పటికి తమ్ముడు వంటకము వండుచుండెను. అన్న పెట్టుమనగా తమ్ముడు ముందు జ్యేష్ఠత్వపు హక్కును అమ్ముమనెను. చావబోవువానికి హక్కేల యని ఏశావు ప్రమాణము చేసి, తిని, త్రాగి, లేచిపోయెను. మూలములో అది ఎఱ్ఱని మసూరపప్పు వంటకము. తెలుగు బైబిలులో చిక్కుడుకాయల వంటకమైనది. 'మెస్ ఆఫ్ పాటేజి' యను మాటలు 1560 నాటి జెనీవా బైబిలులో ఈ అధ్యాయపు శీర్షికలో ఉన్నవి గాని, 1611 నాటి ప్రసిద్ధ అనువాదమున ఈ కథలో లేవు. అయినను జనుల నాలుకపై నిలిచినవి అవియే.

ఈ సంగతులు చదివిన పిదప మా పొరపాటు మాటతోనే ఆగలేదని తోచినది. 'కలగాపులగపు కూడు' అనుటలో ఆ తిండిపై చులకన యున్నది. ఆ గిన్నెలోనిదో, ఒక దేశము శతాబ్దములు బ్రతికిన ఆహారము. కథలో హీనమైనది పులుసు కాదు, ఆకలిగొన్నవాని యెదుట పెట్టిన బేరము. నిండు కడుపుతో ఏశావును మూర్ఖుడనుట సులభము.

ఆ ఉపాధ్యాయునకు తప్పు ఒప్పుకొని జాబు వ్రాసితిమి. ఇప్పుడు ఆ జాతీయమును 'ఒక గిన్నెడు పప్పుపులుసు కొరకు' అని తెనిగించుచున్నాము.