రోడ్డు వేసినంక చూసేదెవరు?

శంకుస్థాపన రోజు కొబ్బరికాయ కొడతారు. ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరిస్తారు. ఆ తర్వాత పల్లె రోడ్డును పట్టించుకునేవారు కరువు. తారు లేచిపోయి, అంచులు కోసుకుపోయి, మోరీలు పూడుకుపోయాక కొత్త రోడ్డు కోసం మళ్లీ ధర్నా చేయాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏళ్ల తరబడి సాగుతున్న తంతు ఇది. దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత, 2025 డిసెంబరులో ఊళ్లకు మళ్లీ సర్పంచులొచ్చారు. వేసిన రోడ్డును కాపాడుకునే పని ఈ పాలకవర్గాలతోనే మొదలుకావాలి.

ఒక్క దారి, ముగ్గురు యజమానులు

వడ్ల బస్తాలతో ఇంటి ముందు నుంచి కదిలిన ట్రాక్టర్ కరీంనగర్ చేరేలోపు ముగ్గురి రోడ్లు దాటుతుంది. గల్లీలోని సీసీ రోడ్డు గ్రామపంచాయతీది. మండలానికి వెళ్లే బీటీ రోడ్డు చాలాచోట్ల పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖది. ఆపై పెద్ద రోడ్డు రోడ్లు, భవనాల శాఖది. జాతీయ రహదారి మొదలు గ్రామ రహదారి దాకా మనం వాడే వర్గీకరణ 1943 నాటి నాగపూర్ ప్రణాళికతో మొదలైంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు కూడా చేరాయి. హక్కు కాగితం మీద ఊరికి దక్కింది. ఇంజినీరు, యంత్రం, నిధి మాత్రం పైనే ఉండిపోయాయి.

ఒకప్పుడు రోడ్డు పక్కన గ్యాంగ్ మజ్దూర్లు కనిపించేవారు. పార, తట్టతో తమకు అప్పగించిన దూరాన్ని వాళ్లు కనిపెట్టుకుని ఉండేవారు. పక్కల మట్టి పోసేవారు, తుమ్మ చెట్లు కొట్టేవారు, చిన్న గుంతను చిన్నగా ఉన్నప్పుడే పూడ్చేవారు. వాళ్లు రిటైరవుతుంటే ఆ ఖాళీలు నిండలేదు. పని మొత్తం టెండర్ల చేతికి పోయింది. పది తట్టల కంకరతో పోయే గుంతకు ఎవరు టెండరు పిలుస్తారు? అది పెద్దదై, రోడ్డంతా పాడయ్యేదాకా ఫైలు కదలదు.

నీళ్లు నిలిస్తే రోడ్డు నిలవదు

తారు రోడ్డుకు అసలు శత్రువు నిలిచిన నీరు. మామూలు పల్లె రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. దాని నడిమి భాగం అంచుల కంటే సుమారు రెండంగుళాలు ఎత్తుగా ఉంటేనే వాన నీళ్లు ఇరుపక్కలకూ జారిపోతాయి. పక్క కాలువ పూడినా, రైతు గట్టు ముందుకు జరిపి కాలువను కలిపేసుకున్నా ఆ నీళ్లు రోడ్డు కిందికే దిగుతాయి. ఆదిలాబాద్ నల్లరేగడి భూముల్లో ఈ కష్టం రెట్టింపు. ఆ మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత మంచి తారు పోసినా కింద నేల కదిలితే పగుళ్లు తప్పవు. అందుకే వానాకాలానికి ముందు మోరీలో పూడిక తీసే కూలి ఖర్చు, ఆ తర్వాత తారు పొర వేసే లక్షల ఖర్చును తప్పిస్తుంది.

బండలు, ఇసుక, కేజ్‌వీల్స్

కరీంనగర్ గ్రానైట్ కాకినాడ ఓడరేవు మీదుగా విదేశాలకు పోతుంది. ఆ బండలు క్వారీ నుంచి బయటపడేది పల్లె దారుల మీదే. మానేరు ఇసుక లారీలదీ అదే బాట. అమెరికాలోని ఇల్లినాయిలో 1958–60 మధ్య జరిగిన ప్రసిద్ధ రహదారి పరీక్ష ఒక లెక్క తేల్చింది. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. ఎడ్లబండ్లు, ఆటోలు, పాల బండ్ల కోసం వేసిన రోడ్డు మీద అధిక లోడు లారీని వదిలితే అది ఎన్నేళ్లు ఆగుతుంది?

ఖనిజం తవ్విన ప్రాంతానికి తిరిగి మేలు చేయాలని 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. ఆ నిధిలో కొంత భాగాన్ని రోడ్లు, వంతెనలకు వాడుకోవచ్చు. లారీలు తిరిగే ఊళ్లు ఆ వాటాను గట్టిగా అడగాలి.

తప్పు మన దగ్గరా ఉంది. నాట్ల కాలంలో కేజ్‌వీల్స్‌తో ట్రాక్టర్లను రోడ్డెక్కిస్తున్నాం. ఆ ఇనుప చక్రాలు ఒక్క సీజన్లోనే కొత్త తారును గీరేస్తాయి. అధికారులు ఏటా హెచ్చరిస్తారు. ఆ మాటను ఊరే కట్టుబాటుగా పెట్టుకోవాలి.

అడవి ఊళ్ల గోస

ఉట్నూరు, తిర్యాణి, కెరమెరి వైపు గూడేల్లో రోడ్డు చెడిపోవడం కంటే రోడ్డే లేకపోవడం పెద్ద బాధ. ప్రతి వానాకాలం గర్భిణిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించారన్న వార్త వస్తూనే ఉంటుంది. అటవీ అనుమతులు రాలేదన్నది తరచూ వినిపించే జవాబు. నిజానికి 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్ ఒక దారి చూపింది. ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని కోత అయితే, గ్రామసభ సిఫార్సుతో రోడ్డుకు అనుమతి ఇవ్వవచ్చు. గ్రామసభ తీర్మానానికి ఇంత బలముందని గూడెం పెద్దలకు చెప్పాల్సిన బాధ్యత అధికారులదే.

పైసలు ఎక్కడివి?

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గాలు లేకపోవడంతో 15వ ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. అప్పటికే అప్పులు తెచ్చి పనులు చేసిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం రోడ్డెక్కారు. ఆ కాలంలో తెగిన కల్వర్టు తెగినట్టే ఉండిపోయింది. ఆ 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న షరతు ఉండేది. మిగిలిన 40 శాతంలోనే ఊరు తన అవసరాలు చూసుకోవాల్సి వచ్చేది. వచ్చే గ్రాంటులో రోడ్ల మరమ్మతుకు ఏటా కొంత పక్కన పెట్టకపోతే ఎప్పటికీ మిగలదు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు నిర్వహణ చూడాలన్నది దాని నియమం. ఊరి మొగదల ఉన్న బోర్డు మీద ఆ వివరాలు రాసి ఉంటాయి. ఆ రోడ్డు చెడితే ‘మేరీ సడక్’ యాప్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేయవచ్చు. ఈ అయిదేళ్ల నిర్వహణ నియమం ప్రతి పల్లె రోడ్డుకూ వర్తించాలి. అయిదేళ్లు గడిచాక ఆ బాధ్యత ఎవరిదో కూడా బోర్డు మీదే రాయాలి.

ఇక మన వంతు

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో పనుల స్టాండింగ్ కమిటీ ఉండాలి. దానికి పేరే కాదు, పని కూడా ఇవ్వండి. మిరుగం రాకముందే కమిటీ ఊరంతా తిరిగి ప్రతి మోరీని, కల్వర్టును, గుంతను రాసుకోవాలి. ఏ రోడ్డు ఏ శాఖదో పంచాయతీ గోడ మీద రాయించాలి. ఆ శాఖ ఇంజినీరు ఫోన్ నంబరు కూడా అక్కడే ఉండాలి. మల్టీపర్పస్ వర్కర్ల చేత పక్క కాలువలు తీయించాలి. మిగతా పనుల జాబితా గ్రామసభ తీర్మానంతో మండలానికి పంపాలి.

ప్రభుత్వానికి ఒక్కటే విన్నపం. కొత్త రోడ్ల బడ్జెట్ ప్రకటించిన ప్రతిసారీ పాత రోడ్ల నిర్వహణకు ఎంత కేటాయించారో అదే వేదిక మీద చెప్పండి. పల్లె రోడ్డు రైతు గిట్టుబాటుకూ, పిల్ల చదువుకూ, అంబులెన్సు రాకకూ ఆధారం. దాన్ని ఏటా చూసుకునే మనిషినీ, డబ్బునూ ఊరికివ్వడం ప్రభుత్వం బాధ్యత. ఇచ్చినదానికి లెక్క అడగడం మన బాధ్యత.