క్రోమోసోముల కొనలు - మొక్కల మనుగడ

కణవిభజన పాఠంలో క్రోమోసోము మీది సెంట్రోమియరును శ్రద్ధగా గుర్తిస్తాము. కొనలను అంతగా పట్టించుకోము. ఆ కొనల విలువను 1930వ దశకం చివర బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూపారు. తెగిన కొనలు ఒకదానికొకటి అతుక్కుని, విభజనవేళ వంతెనలా సాగి, మళ్ళీ తెగుతాయి. సహజమైన కొనలు, అనగా టెలోమియర్లు, అలా అతుక్కోవు.

ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో టి-టి-టి-ఎ-జి-జి-జి అనే ఏడక్షరాల వరుస వందలసార్లు పునరావృతమై టెలోమియర్ ఏర్పడుతుంది. దాని పొడవు సుమారు 2,000 నుండి 5,000 అక్షరాలు. పొగాకులో లక్షకు మించవచ్చు. పొడవెక్కువైతే మొక్క దృఢమని భావించరాదు. ప్రమాదమంతా మరీ కురచ కావడంలోనే ఉంది. డి.ఎన్.ఏ. ప్రతికృతి జరిగినప్పుడల్లా కొన కొంత తరుగుతుంది. టెలోమరేజ్ అనే ఎంజైము ఆ లోటు పూడుస్తుంది.

ఆ ఎంజైమే లేకపోతే? 2001లో ప్రకటితమైన పరిశోధనలో అట్టి అరబిడాప్సిస్ వంశాలు పది తరాల వరకు నిలిచాయి. తొలి అయిదు తరాలు ఇంచుమించు సాధారణంగానే ఉన్నాయి. అటుపై మెక్‌క్లింటాక్ చూసినవంటి వంతెనలే అగుపించాయి. ఆకులు వికృతమయ్యాయి, సంతానశక్తి క్షీణించింది. జన్యుపదార్థం అంతగా చెదిరినా మొక్క మరి అయిదు తరాలు ఓర్చుకోవడం మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించింది. చివరి తరం మొక్కలు పూతకు రాకుండానే ఆగిపోయాయి. కాని వెంటనే చావలేదు, మామూలు మొక్కలకన్నా ఎక్కువకాలం పచ్చగా బ్రతికాయి.